పార్క్ చేసిన తప్పేమిటి, కితేక్ కత్తి ఎందుకు ఎత్తాడు?

ఛత్రపురం నుంచి వచ్చి కిందటి నెల మాతోపాటు ‘పారసైట్’ చూసిన ఒక అమ్మాయి, ఇంటికి వెళ్ళాక నాలుగు సందేహాలు రాసి పంపింది. ధనిక యజమాని పార్క్ ఎవరికీ కీడు చేయలేదు, జీతం సరిగా ఇచ్చాడు, పనివాళ్ళ మీద గొంతు కూడా పెంచలేదు, మరి డ్రైవరు కితేక్ అతన్ని ఎందుకు పొడిచాడు అన్నది మొదటిది. పేదవాళ్ళు పేదవాళ్ళనే మెట్ల మీద నుంచి తన్నడం చూపించిన దర్శకుడు పేదలను కించపరచలేదా అన్నది రెండోది. ఆ రాయి సంగతి ఏమిటన్నది మూడోది. చివర్లో కితేక్ కొడుకు ఆ యజమాని ఇల్లు కొన్నట్టా, కొననట్టా అన్నది నాలుగోది. ఉత్తరం ముగిసే చోట, అన్నిటికంటే కష్టమైన మాట ఒకటి అడిగింది: “మాస్టారూ, ఇందులో నేను ఎవరి పక్షాన ఉండాలి?”

నేను బరంపురంలో తెలుగు పాఠాలు చెప్పి 2015లో పదవీ విరమణ చేశాను. అప్పటి నుంచి మా బంధువుల బట్టల దుకాణం పై అంతస్తులో నెలకొక సినిమా వేసి, మధ్య మధ్య ఆపి తెలుగులోను, అవసరమైతే ఒడియాలోను వివరించి, ఆపైన అందరం మాట్లాడుకుంటున్నాం. ఈ చిత్రాన్ని అలా ఐదుసార్లు వేశాను. ఐదుసార్లూ ఇంచుమించు ఇవే సందేహాలు వచ్చాయి కాబట్టి, లోపం చూసేవాళ్ళది కాదని, ఈ సందేహాలు పుట్టేలాగే కథను అల్లారని నాకు నమ్మకం కుదిరింది. చూడనివాళ్ళు ఇక్కడ ఆగి, చూసి వచ్చి చదవడం మంచిది. కథ దాచిపెట్టి ఈ ముడులు విప్పడం నా వల్ల అయ్యే పని కాదు.

బోంగ్ జూన్-హో తీసిన ఈ కొరియా చిత్రం 2019లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ దోర్ అందుకుంది. 2020 ఫిబ్రవరిలో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచి, ఆంగ్లేతర చిత్రాలలో ఆ బహుమతి పొందిన మొదటిదయింది. సియోల్‌లో సగం భూమిలో ఉన్న ఇంట్లో పిజ్జా పెట్టెలు మడిచి పొట్టపోసుకునే కిమ్ కుటుంబం ఉంటుంది: తండ్రి కితేక్, తల్లి చుంగ్‌సుక్, కొడుకు కివూ, కూతురు కిజంగ్. స్నేహితుడి సిఫారసుతో కివూ దొంగ పట్టా పట్టుకుని పార్క్ అనే ధనికుడి కూతురికి ట్యూషన్ మాస్టారుగా చేరతాడు. తరువాత ఒకరి వెనక ఒకరుగా చెల్లెలు చిత్రకళ నేర్పే జెస్సికాగా, తండ్రి డ్రైవరుగా, తల్లి పనిమనిషిగా అదే ఇంట్లో చేరతారు. ఒకరికొకరు ఏమీ కానట్టు నటిస్తారు. అందుకోసం పాత డ్రైవరునూ, ఏళ్ళ తరబడి ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉన్న మున్‌గ్వాంగ్ అనే పనిమనిషినీ అబద్ధాలాడి తరిమేస్తారు. ఆ ఇంటి అడుగున ఎవరికీ తెలియని రహస్య గది ఉందనీ, అప్పులవాళ్ళకు భయపడి మున్‌గ్వాంగ్ భర్త గున్‌సే నాలుగేళ్ళకు పైగా అందులో దాక్కుని ఉన్నాడనీ తరువాత తెలుస్తుంది.

ఆ రెండు నేలమాళిగల చరిత్ర తెలిస్తే సగం కథ దానంతట అదే అర్థమవుతుంది. 1968లో ఉత్తర కొరియా కమాండోలు సియోల్‌లో అధ్యక్ష భవనం దరిదాపుల దాకా చొరబడ్డారు. యుద్ధం వస్తే తలదాచుకోవడానికి కొత్త ఇళ్ళకు కింద గది ఉండాలని 1970లో భవన నిర్మాణ చట్టంలో చేర్చారు. మొదట అందులో కాపురం పెట్టడం నిషిద్ధం. 1980లలో ఇళ్ళ కొరత ముదిరాక చట్టాన్ని సడలించి అద్దెలకు దారి ఇచ్చారు. వీటిని అక్కడ బంజిహా అంటారు. 2020 నాటికి సియోల్‌లో సుమారు 2 లక్షల కుటుంబాలు వాటిలో ఉన్నాయి. 2022 ఆగస్టు వరదలో, ఈ సినిమా వచ్చిన మూడేళ్ళకు, అలాంటి ఇంట్లో నీళ్ళలో చిక్కుకుని ఒకే కుటుంబంలోని ముగ్గురు చనిపోయారు. పార్క్ ఇంటి కింద ఉన్న రహస్య గదికి కూడా కారణం అదే భయం: ఉత్తర కొరియా దాడి చేసినా, అప్పులవాళ్ళు మీద పడినా దాక్కోవడానికి ధనికులు అలాంటివి కట్టించుకుంటారని మున్‌గ్వాంగే చెబుతుంది. ఒకే భయం ఒకరికి వాడని గదిని, మరొకరికి కాపురముండే ఇంటిని ఇచ్చింది.

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ సినిమాలో ఎవరు ఎవరిని గాయపరిచారో వరసగా గుర్తుచేసుకుంటే, ఒక్కటి తప్ప ప్రతి దెబ్బా పక్కవాడికే తగులుతుంది. కిజంగ్ పన్నిన పన్నాగం డ్రైవరు యూన్ ఉద్యోగం తీసింది. పీచు పండు నూగుతో మున్‌గ్వాంగ్‌కు దగ్గు తెప్పించి, క్షయ ఉందని నమ్మించి గెంటించారు. చుంగ్‌సుక్ కాలితో తన్నితే మున్‌గ్వాంగ్ మెట్ల మీద నుంచి పడి, ఆ గాయంతోనే పోయింది. గున్‌సే కివూ తల పగలగొట్టాడు, కిజంగ్‌ను పొడిచాడు. చుంగ్‌సుక్ గున్‌సేను చంపింది. పైకి వెళ్ళిన దెబ్బ కితేక్ వేసినది ఒక్కటే. దానికి ముందు ఆలోచన లేదు, కుట్ర లేదు. వేసిన మరుక్షణం వేసినవాడే దిమ్మెరపోయి నిలబడతాడు. అమ్మాయి అడిగిన మొదటి రెండు ప్రశ్నలూ, నా దృష్టిలో, ఒకటే ప్రశ్న: దెబ్బలన్నీ ఎందుకు పక్కకే వెళ్ళాయి, ఆ ఒక్కటి ఎందుకు తప్పి పైకి వెళ్ళింది?

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే జవాబు ఒక పిలుపులో ఉంది. వర్షపు రాత్రి, యజమానులు లేని సమయంలో మున్‌గ్వాంగ్ తిరిగి వచ్చి, రహస్య గదిలో ఉన్న భర్తను చూపించి, చుంగ్‌సుక్‌ను ‘అక్కా’ అని పిలుస్తుంది. సాటి కష్టజీవులం కదా, వారానికోసారి ఆయనకింత తిండి పెట్టు అని బతిమాలుతుంది. చుంగ్‌సుక్ ఒప్పుకోదు, తనను అక్కా అని పిలవవద్దంటుంది, తాను కష్టాల్లో ఉన్న మనిషిని కానంటుంది, పోలీసులకు ఫోన్ చేస్తానంటుంది. కొన్ని నిమిషాల్లో, మెట్ల మీద దాక్కుని వింటున్న తక్కిన ముగ్గురూ కాలుజారి దొర్లుకుంటూ వచ్చి పడతారు; కివూ నోరుజారి ‘నాన్నా’ అనడంతో నలుగురూ ఒకే ఇంటివాళ్ళని బయటపడిపోతుంది. మున్‌గ్వాంగ్ ఫోన్‌లో వీడియో తీసి, యజమానురాలికి పంపుతానని బెదిరిస్తుంది. ఇప్పుడు చుంగ్‌సుక్ నోట ‘అక్కా’ అన్న పిలుపు వస్తుంది, ఈసారి ఛీకొట్టడం మున్‌గ్వాంగ్ వంతు.

వరసలు కలుపుకుని పిలుచుకోవడం మనకు ఊపిరితో సమానం. బరంపురం సందుల్లో కూరగాయలమ్మే ఆవిడ ఒడియా ఆవిడైనా, తెలుగావిడైనా, మనం ‘అక్కా’ అంటే ఆవిడ బేరంలో రెండు రూపాయలు దిగుతుంది. ఆ పిలుపులో ఒక చిన్న హక్కు దాగి ఉంటుంది: నువ్వూ నేనూ ఒక్క మెట్టు మీదే ఉన్నాం, కాబట్టి నాకు కొంచెం చోటివ్వు అని. ఆ రాత్రి ఇద్దరు ఆడవాళ్ళూ, తాము కింద ఉన్నప్పుడు మాత్రమే, ఆ వరసను ఒప్పుకున్నారు. చేతిలో ఫోనో, తాళాల గుత్తో ఉన్నంతసేపు ఎవరికీ చెల్లెలు అక్కరలేకపోయింది. దర్శకుడు పేదలను అవమానించాడని నేననుకోకపోవడానికి కారణం ఇదే. పేదరికం మనిషిని మంచివాణ్ణి చేస్తుందన్న పాత సినిమా అబద్ధాన్ని అతను చెప్పలేదు. అలాగని వాళ్ళ క్రూరత్వం పుట్టుకతో వచ్చిందనీ చెప్పలేదు. ఒక్క ఇంట్లో ఉన్న కొద్దిపాటి కొలువుల కోసం రెండు కుటుంబాలు పోటీపడితే ఏమవుతుందో చూపించాడు. గున్‌సే తైవాన్ కేకుల దుకాణం పెట్టి మునిగిపోయాడు. కితేక్ కూడా చేతులు కాల్చుకున్నది అదే కేకుల వ్యాపారంలో. ఇద్దరిదీ ఒకే గుంట. అయినా ఆ సంగతి ఇద్దరినీ దగ్గర చేయదు.

దీనికి తోడు ఒక చేదు విషయం చెప్పాలి. మా గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాల పనికి వెళ్ళినవాళ్ళు లేని వీధి తక్కువ. మూడోసారి ఈ సినిమా వేసినప్పుడు, అక్కడ పదహారేళ్ళు మగ్గం నడిపి వచ్చిన ఒకాయన వెనక వరసలో కూర్చున్నాడు. పగటి షిఫ్టువాడు లేచిన చోటనే రాత్రి షిఫ్టువాడు పడుకునే గదులు ఆయనకు తెలుసు. గున్‌సే తనకు ఆ మాళిగలో హాయిగానే ఉందని, అక్కడే పుట్టి అక్కడే పెళ్ళి చేసుకున్నట్టు ఉందని చెప్పే చోట మేమందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. తరువాత మాట్లాడుతూ, మూడో ఏడు దాటాక తనకూ గదిలో కిటికీ లేదన్న సంగతి గుర్తుకు రావడం మానేసిందని అన్నాడు. 2020 మే నెలలో సూరత్ నుంచి రైళ్ళలో తిరిగి వచ్చినవాళ్ళను బడుల్లో విడిగా ఉంచినప్పుడు, వాళ్ళను చూసి మొదట దూరం జరిగినవాళ్ళు వాళ్ళ వీధివాళ్ళేనని కూడా ఆయనే గుర్తు చేశాడు. పార్క్ ఫోటోకు మొక్కి ‘రెస్పెక్ట్’ అని అరిచే గున్‌సేను పిచ్చివాడని కొట్టిపారేయకూడదని ఆ రోజే నాకు తెలిసింది. తనను చూడని దేవుడికి దీపం పెడుతున్నాడతను. పార్క్ మెట్లెక్కుతుంటే కింద నుంచి మీటలు నొక్కి దీపాలు వెలిగిస్తాడు, పార్క్ అవి వాటంతట అవే వెలుగుతున్నాయని అనుకుంటాడు.

ఇక కత్తి సంగతి. దాని వెనక ఒక రోజు కథ ఉంది, దాన్ని మెల్లగా విప్పాలి.

పార్క్‌కు ‘గీత’ అన్న మాట ఇష్టం. పనివాళ్ళు హద్దు మీరితే అతనికి గిట్టదు. ఆ వర్షపు రాత్రి యజమానులు అనుకోకుండా తిరిగి వచ్చేస్తారు. కితేక్, కివూ, కిజంగ్ హాలులో బల్ల కింద దూరి ఊపిరి బిగబట్టి పడుకుని ఉండగా, పైన సోఫాలో పార్క్ భార్యతో డ్రైవరు గురించి చెబుతాడు: గీత దాటబోయినట్టే ఉంటాడు కానీ దాటడు, అతని వాసన మాత్రం దాటి వెనక సీటు దాకా వస్తుంది అని. ఎలాంటి వాసన అంటే, పాత ముల్లంగిలా, ఉడికించిన మసిగుడ్డలా, మెట్రో రైల్లో వెళ్ళేవాళ్ళ ఒంటి వాసనలా అంటాడు. బల్ల కింద కితేక్ తన చొక్కాను తానే మూచూస్తాడు. గమనించండి, అప్పుడతని పక్కన కన్నకొడుకూ, కూతురూ పడుకుని ఉన్నారు. తండ్రిని ఎవరైనా నాలుగు గోడల మధ్య తిడితే అతను ఓర్చుకోగలడు; పిల్లలు వింటుండగా అతని ఒంటి వాసన గురించి మాట్లాడుకుంటే ఓర్చుకోవడం వేరు. పైగా అది తిట్టు కూడా కాదు, మొగుడూ పెళ్ళాల మధ్య మామూలు కబురు. ఎదురు తిరగడానికి కూడా అందులో పట్టు దొరకదు. తప్పుడు మాటను సరిదిద్దుకోవచ్చు, పనిలో లోపాన్ని దిద్దుకోవచ్చు, వాసనను ఏం చేస్తాడు? పార్క్ చిన్న కొడుకు దసోంగ్ కితేక్‌దీ, చుంగ్‌సుక్‌దీ, జెస్సికాదీ ఒకే వాసన అని కనిపెట్టినప్పుడు, సబ్బులు మార్చుదామని వీళ్ళు అనుకుంటే కిజంగ్ అసలు సంగతి చెబుతుంది: అది సగం భూమిలో ఉన్న ఇంటి వాసన, ఇల్లు మారితే గాని పోదు.

పార్క్ దంపతుల లోపం ఏమిటో చూడాలన్నా ఆ సోఫా సన్నివేశమే చూడాలి. కారులో దొరికిన చవకరకం లోదుస్తులను చూసి, ఏదేదో ఊహించుకుని, పాత డ్రైవరును కారణం కూడా చెప్పకుండా మానిపించారు. ఈ రాత్రి అదే ఊహను తమ సరసానికి వాడుకుంటున్నారు. ఒకడి జీవనాధారం తీసేసిన అనుమానం వీళ్ళకు ఒక గంట వినోదం. ఇందులో దుర్మార్గం లేదు, దుర్మార్గం ఉంటే బహుశా సులువయ్యేది.

తరువాతి వర్షం అందరికీ గుర్తుండేదే. ముగ్గురూ ఆ ఇంటి నుంచి పారిపోయి, మెట్లు దిగుతూ, ఇంకా దిగుతూ, నీళ్ళు ఎటు పారుతున్నాయో అటే వెళ్ళి, మెడ లోతు మురుగులో ఉన్న తమ ఇంటికి చేరతారు. ఆ రాత్రే పార్క్ చిన్న కొడుకు తోటలో గుడారం వేసుకుని పడుకున్నాడు. అమెరికా నుంచి తెప్పించినది కాబట్టి నీరు దిగదని తల్లి ధీమా. మర్నాడు ఆవిడ ఫోనులో, వాన కురవడం వల్ల గాలి శుభ్రపడిందని, ఎంత మేలయిందోనని మురిసిపోతూ, పుట్టినరోజు విందుకు మనుషులను పిలుస్తుంది. వ్యాయామశాల నేల మీద నిద్రలేచి, దానంగా వచ్చిన బట్టల కుప్పలో నుంచి ఏదో ఒకటి తొడుక్కుని వచ్చిన కితేక్ ఆ మాటలు వింటూ కారు నడుపుతాడు. వెనక ఆవిడ ముక్కు ముడుచుకుని కిటికీ అద్దం దించుతుంది.

ఈ సన్నివేశం దగ్గర నేను ప్రతిసారీ ఆపి ఒక మాట చెబుతాను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, దసరా రోజులవి. మా బడి హాలులో సముద్రం ఒడ్డు పల్లెల వాళ్ళూ, రేకుల ఇళ్ళవాళ్ళూ వరసగా పడుకున్నారు. గాలి తగ్గిన రెండో నాడు ఒక ఇంటి నుంచి కుర్రవాడు సైకిలు మీద వచ్చి, పండగకు చుట్టాలు దిగబడ్డారు, వంటకు రమ్మంటున్నారని, అక్కడ ఉన్న ఒకావిడను పిలిచాడు. ఆవిడ ఇంటి రేకులు ఎక్కడ పడ్డాయో కూడా అప్పటికి ఆవిడకు తెలియదు. జుట్టు ముడి వేసుకుని వెళ్ళింది. పిలిచినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఆ రోజు ఎక్కువ డబ్బులూ, ఒక చీరా ఇచ్చారు. అడగాలని వాళ్ళకు తోచనిది ఒక్కటే: రాత్రి ఎక్కడ పడుకున్నావని. పార్క్ భార్య యన్‌గ్యో తప్పు కూడా అంతే, అంతకంటే ఒక్క వీసం ఎక్కువ కాదు.

విందులో కితేక్‌కూ, పార్క్‌కూ పిల్లవాడి సరదా కోసం అమెరికా ఆదిమవాసుల ఈకల కిరీటాలు తగిలిస్తారు. కితేక్, తానూ తండ్రేనన్న చొరవతో, భార్యను బాగా ప్రేమిస్తారు కదండీ అన్న అర్థం వచ్చేలా ఏదో అంటాడు. ఇదివరకు కారులోనూ ఒకసారి అన్నాడు, అప్పుడు పార్క్ నవ్వి ఊరుకున్నాడు. ఈసారి నవ్వు లేదు: నువ్వు ఈ రోజుకు అదనంగా డబ్బు తీసుకుంటున్నావు, ఇదీ పనిలో భాగమే అనుకో అంటాడు. మా ఊళ్ళో రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణీ యాత్రలో జనం మొక్కులు తీర్చుకోవడానికి వేషాలు కడతారు. పులి వేషం కట్టిన కూలివాడికి పెద్ద దుకాణదారుడు కూడా దారి ఇచ్చి నమస్కరిస్తాడు, ఎందుకంటే ఆ వేషం అతను తన మొక్కుకు కట్టుకున్నది. కితేక్ తలమీది ఈకలు కూలికి కట్టినవి. వేషం కట్టినా అతనికి ఒక్క ఘడియ సమానత్వం రాలేదు, ఉన్న కాస్త మర్యాదా పోయింది.

ఇక ఆ క్షణం. గున్‌సే మాళిగ నుంచి బయటపడి, కత్తి పట్టుకుని, అందరి ముందూ కిజంగ్‌ను పొడిచాడు. ఒకప్పుడు అర్ధరాత్రి అతన్ని చూసి దయ్యమనుకుని మూర్ఛపోయిన దసోంగ్ మళ్ళీ కూలిపోయాడు. పావుగంటలో ఆసుపత్రికి చేర్చకపోతే ప్రాణానికి ముప్పు. చుంగ్‌సుక్ గున్‌సేతో పెనుగులాడుతోంది. కితేక్ కూతురి గాయాన్ని చేత్తో అదిమి పట్టుకుని ఉన్నాడు. పార్క్ కారు తాళం కోసం కితేక్ మీద అరుస్తున్నాడు. ఇక్కడ పార్క్‌ను అర్థం చేసుకోవాలి: అతనూ తండ్రి, బిడ్డ చేతుల్లో ఉన్నాడు. మరి కితేక్ “ఇది నా కూతురు” అని ఎందుకు అరవలేదు? ఇన్ని నెలలుగా ఆ మాట నోరు దాటకుండా కాపాడుకోవడమే వాళ్ళ జీవనం. పార్క్ దృష్టిలో ఆమె జెస్సికా, ఇతను డ్రైవర్ కిమ్. ఇద్దరికీ సంబంధం లేదు. మోసం చేసి సంపాదించుకున్న కొలువే, అవసరమైన ఒక్క క్షణంలో, తండ్రి కేకను గొంతులో ఆపేసింది. కిమ్ కుటుంబం తప్పుకు దర్శకుడు వేసిన శిక్ష ఇదేనని నా నమ్మకం. పోలీసుల కేసు తరువాతి సంగతి. అయినా పార్క్ ముందు ఒక మనిషి నెత్తురోడుతోంది. తన పిల్లవాడికి పాఠం చెప్పే మనిషి. అతని చూపు ఆమె మీద నిలవలేదు.

కితేక్ తాళం విసురుతాడు. అది గున్‌సే ఒంటి కింద పడుతుంది. పార్క్ అతన్ని పక్కకు దొర్లించి తాళం తీసుకుంటూ, ఏళ్ళ తరబడి వెలుగు చూడని ఆ మనిషి వాసనకు ముక్కు మూసుకుంటాడు. కత్తి లేచింది అప్పుడు. గున్‌సే కితేక్‌కు శత్రువు, కూతుర్ని పొడిచినవాడు. అయినా ఆ ముక్కు మూసుకోవడం చూడగానే కితేక్ శత్రువు పక్షాన నిలబడ్డాడు. రాత్రి ‘అక్కా’ అన్న పిలుపుతో కుదరని చుట్టరికం, మర్నాడు మధ్యాహ్నం ఒక ముక్కు వల్ల కుదిరింది. అందువల్లే ఆ పోటుకు ప్రతీకారమన్న పేరు సరిపోదు, న్యాయమన్న పేరు అసలే సరిపోదు. పార్క్ చావదగిన తప్పు చేయలేదు. మాలో ఒక పెద్దాయన ప్రతిసారీ, చంపడం తప్పే కదా మాస్టారూ అంటాడు. తప్పే. సినిమా కూడా తప్పు కాదనలేదు. కితేక్‌ను శేషజీవితం ఆ మాళిగలోనే పెట్టింది.

రాయి గురించి పొడవుగా రాయను. అంతర్జాలంలో దాని మీద జరిగినంత చర్చ ఆ రాయి మోయలేదు. కొరియాలో ప్రకృతి చెక్కిన రాళ్ళను ఇళ్ళలో అలంకరించుకోవడం పాత అభిరుచి. సంపద తెస్తుందని చెప్పి కివూ స్నేహితుడు మిన్ అలాంటి రాయిని వాళ్ళింటికి బహుమతిగా ఇచ్చాడు. తిండికి లేని ఇంటికి అలంకారం వచ్చింది, చుంగ్‌సుక్ కూడా అప్పుడే, తినేదేదైనా తేకూడదా అని సణుగుతుంది. నాకు ముఖ్యమనిపించేది వరదలో ఎవరు ఏం తీసుకున్నారన్నది. కితేక్ మెడ లోతు నీళ్ళలో వెతికి, ఒకప్పుడు సుత్తి విసరడంలో భార్య గెలిచిన పతకం తీసుకున్నాడు. కిజంగ్, మురుగు ఎగజిమ్ముతున్న మరుగుదొడ్డి మూత మీద కూర్చుని, పైకప్పులో దాచిన సిగరెట్టు తీసి ముట్టించింది. ఆ అమ్మాయికి భ్రమలు లేవు. కివూ రాయిని పట్టుకున్నాడు. నీళ్ళలో అది తేలివచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి లోపల బోలు అని కొందరు వాదిస్తారు, కావచ్చు. మర్నాడు మాళిగలో ఉన్నవాళ్ళను చంపడానికి దాన్ని తీసుకువెళ్ళి, అదే రాయితో తన్నులు తిన్నాడు. చివరికి వాగులో, మిగతా రాళ్ళ మధ్య పెట్టాడు. అక్కడ అది మామూలు రాయి.

కివూలో లోపం అతని ‘ప్లాను’. తండ్రికి ప్లానులు విరిగిపోయాయి. ఏ ప్లానూ వేసుకోకపోతే ఏదీ బెడిసికొట్టదని వ్యాయామశాలలో చెప్పినది ఆయనే. కొడుకు మాత్రం చివరి ఉత్తరంలో కూడా ప్లాను వేస్తాడు: బాగా సంపాదిస్తాను, ఆ ఇల్లు కొంటాను, మీరు మెట్లెక్కి పైకి వస్తే చాలు అని. మనకు అది జరిగినట్టే చూపిస్తారు, ఎండలో తోట, తండ్రీ కొడుకుల కౌగిలి. అమ్మాయి తికమకపడింది అక్కడే. తరువాత వచ్చే చివరి షాట్‌ను మొదటి షాట్ పక్కన పెట్టుకుని చూడమని నా సలహా. మొదట్లో బంజిహా కిటికీ దగ్గర ఆరేసిన సాక్సుల నుంచి కెమెరా నెమ్మదిగా దిగి కివూ ముఖం దగ్గర ఆగింది. చివరా అదే కిటికీ, అదే దిగడం, అదే ముఖం, బయట మంచు. ఇల్లు కొనలేదు. దర్శకుడే ఒక ఇంటర్వ్యూలో, కివూ తన జీతంతో ఆ ఇల్లు కొనాలంటే ఐదు వందల ఏళ్ళకు పైగా పడుతుందని లెక్క చెప్పాడు.

ఎవరి పక్షాన ఉండాలన్న మాటకు నా దగ్గర తీర్పు లేదు, ఒక సన్నివేశం ఉంది. విందు రోజు ఉదయం, గొడవకు ముందు, కిజంగ్ పళ్ళెంలో తిండి పెట్టుకుని మాళిగలో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళబోతుంది; వాళ్ళతో మాట్లాడి ఒక ఒప్పందానికి రావాలని తల్లీ కూతుళ్ళు అనుకున్నారు. అంతలో యన్‌గ్యో ఎదురై, కేకు పని అప్పగిస్తుంది. మంచి మనసుతోనే, నవ్వుతూనే. పళ్ళెం కిందికి వెళ్ళలేదు. డబ్బుంటే తానూ మంచిదాన్నేనని, డబ్బు ఇస్త్రీపెట్టెలాగా మనిషిలోని ముడతలన్నీ పోగొడుతుందని చుంగ్‌సుక్ అంటుంది కదా. ఆ మాట అన్న మనిషే అంతకుముందు రాత్రి మున్‌గ్వాంగ్‌ను తన్నింది, ఇప్పుడు ఆమె కోసమే తిండి కట్టింది. కిమ్ కుటుంబం మోసగాళ్ళు, హంతకులు, ఆ పళ్ళెం వడ్డించినవాళ్ళు కూడా. అమ్మాయి మళ్ళీ చూసేటప్పుడు ఆ పళ్ళెం మీద కన్నేసి ఉంచితే నేను చెప్పేది ఇంకా బాగా తెలుస్తుంది.

ఒకటి మిగిలింది, ఆమె అడగలేదు గాని మా గదిలో ఎప్పుడూ తెగనిది. గున్‌సే మాళిగలోంచి దీపం ఆర్పుతూ వెలిగిస్తూ, మోర్స్ సంకేతంలో కాపాడమని రాత్రంతా పంపుతాడు. స్కౌటు పిల్లవాడైన దసోంగ్ గుడారంలో నుంచి దాన్ని చూసి, పుస్తకంలో అక్షరాలు రాసుకోవడం మొదలుపెడతాడు. తరువాత ఏమైందో చూపించరు. పిల్లవాడికి అర్థం కాలేదని కొందరు, నిద్రపోయాడని కొందరు అంటారు. వాడు చదివాడనే నేను అనుకుంటాను. దయ్యం సహాయం అడుగుతోందని వెళ్ళి చెబితే ఇంట్లో ఎవరు నమ్ముతారు, అందులోనూ పుట్టినరోజు ముందు రాత్రి.